మోకాలి లోతు అన్నం

పెద్దవాళ్ళకి కోపం వస్తే ఎవరి చెంపో పగులుతుంది. మరీ పెద్దవాళ్ళకి కోపం వస్తే ఒక కొత్త ఆఫీసు పుడుతుంది. పదప్రమాణ సంస్థ అలాగే పుట్టింది.

జరిగిందేమంటే, రాజధానిలో ఒక మరీ పెద్దాయన పొద్దున్నే కాఫీ తాగుతూ పేపరు తిరగేశాడు. ఒక మూల, కాలవల్లో నీటిమట్టం పెరిగిందని ఉంది. దాని కిందనే, బోరుబావుల్లో నీటిమట్టం పడిపోయిందని ఉంది. ఆయన కప్పు కింద పెట్టేసి, "ఒకే రోజున, ఒకే పేజీలో, ఒకే మాట పెరగడమేమిటి, తగ్గడమేమిటి? జనం దేన్ని నమ్మాలి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు, అయ్యా అది కాలవ, ఇది బోరు అని ఒక్క ముక్క అని ఉంటే ఈ కథే లేదు. కాని ఆ ముక్క అన్నవాడు మర్నాటికి బదిలీ మీద ఏ మన్యంలో తేలతాడో అందరికీ తెలుసు. అందుకని అందరూ, నిజమేనండి, చాలా ఘోరమండి అన్నారు. సాయంత్రానికి సంస్థకి మేడ దొరికింది. మేడ మీద 'ఒక పదం - ఒక ప్రమాణం' అని బోర్డు లేచింది. మొట్టమొదట పట్టుకున్న మాట నీటిమట్టం.

రాజధానిలో పుట్టిన గోల రాజధానిలోనే సద్దుమణిగితే ఎవరికీ ఏమీ కాదు. అది కాలవ గట్టు పట్టుకుని లాకులపేట దాకా వచ్చింది. లాకులపేట చిన్న ఊరు. పడవల కాలంలో కట్టిన లాకులున్నాయి కాబట్టి ఆ పేరు. ఊళ్ళో కాస్త పెద్ద గది అంటూ ఉంటే అది ఆడపిల్లల సంక్షేమ హాస్టల్లో భోజనాల హాలు. అందుచేత సంస్థవాళ్ళ బహిరంగ విచారణ అందులోనే పెట్టారు.

ఆ హాస్టల్లో వంటమనిషి వెంకాయమ్మ. అంతకుముందు పెళ్ళిళ్ళలో వండేది. మొగుడు పోయాక, పిల్లల్లేని ఇంటికి పొయ్యెందుకని ఈ పొయ్యి దగ్గరికి వచ్చి చేరింది. పిల్లలందరూ తిని చేతులు కడుక్కుంటే గాని తను పళ్ళెం ముందు కూర్చోదు. ఎవరు ఎన్నిసార్లు పెట్టించుకున్నారో, ఎవరు కూర నచ్చక అన్నాన్ని పళ్ళెంలో అటూ ఇటూ తోస్తున్నారో కళ్ళతోనే పట్టేస్తుంది. అందరిలోకీ ఏడో తరగతి సువార్త మీద ఆవిడ కన్ను కాస్త ఎక్కువ. సువార్త తల్లి మరియమ్మ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేస్తుంది. పిల్లని దింపిన రోజునే గుమ్మంలో నిలబడి, "ఇక్కడ కడుపునిండా పెడతారని తెచ్చానండి. పెట్టకపోతే నాతోపాటు షెడ్డుకి తీసుకుపోతాను. అక్కడ పనీ ఉంటది, ఇంత తిండీ పెడతారు," అని చెప్పింది. బెదిరించడానికి కాదు. ఉన్నమాట.

విచారణ రోజున సంస్థ సంచాలకులు శేషశయనం గారు వచ్చారు. పొడుగాటి మనిషి, అంతకంటే పొడుగాటి మాట. వెంట భాస్కరం అనే సర్వేక్షణాధికారి. కుర్రవాడు, సన్నగా, బుద్ధిమంతుడు. పైవాళ్ళు చెప్పిందల్లా నిజమని నమ్మే జబ్బు ఒకటి తప్ప మరే దురలవాటూ లేదు.

ముందుగా లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు ముత్యాల్ని పిలిచారు.

"లాకు గోడ మీద గీతలుంటాయండి. నీళ్ళు ఏ గీత దాకా ఉంటే అదేనండి మట్టం," అన్నాడు ముత్యాలు.

"భేష్. తరువాత."

తాపీమేస్త్రి తాతబ్బాయి లేచాడు. "మేం సన్నటి గొట్టంలో నీళ్ళు పోసి ఈ కొస నేను, ఆ కొస ఇంకోడూ పట్టుకుంటామండి. రెండు కొసల్లోనూ నీళ్ళు సమానంగా నిలబడితే పునాది మట్టంగా ఉన్నట్టు."

"ఎంత ఎత్తు?"

"ఎత్తేటండి. సమానం."

"సమానమే. ఎంత ఎత్తు సమానం?"

తాతబ్బాయి పక్కవాడి మొహం చూశాడు. "మీరెంత పట్టుకోమంటే అంతండి," అన్నాడు చివరికి.

బ్యాటరీల షాపు జిలానీ, "మాకైతే బ్యాటరీలో ప్లేట్లు మునిగితే చాలు సార్," అన్నాడు. సంచాలకులు కళ్ళు మూసుకుని, "ఈ వృత్తియందు నీటిమట్టము నిమజ్జనావస్థను సూచించుచున్నది," అని చెప్పి రాయించారు. జిలానీకి తన షాపు మీద ఒక్కసారిగా గౌరవం కలిగింది.

అప్పుడు వెంకాయమ్మ టీ గ్లాసులు పట్టుకొచ్చింది.

"ఈమె ఎవరు?"

"వంటమనిషినండి."

"నీ వృత్తిలో నీటిమట్టం ఎలా ఉంటుంది?"

"మాకు మట్టాలేటుంటాయండి. మేం ఎసరు పెడతామండి."

"ఎసరు అనగా?"

"బియ్యం మీద నీళ్ళండి."

"ఎంతవరకు?"

"వేలు ముంచితే ఒక కణుపు మునగాలండి. కొత్త బియ్యమైతే ఇంకాస్త తక్కువ."

సంచాలకులు వెనక్కి వాలారు. "నీళ్ళున్నాయి. ఆ నీళ్ళకి ఒక ఎత్తు ఉన్నది. అది నీటిమట్టం కాక మరేమిటి? భాస్కరం, వ్రాయి. వంట యందు నీటిమట్టమును గ్రామ్యముగా ఎసరు అని వ్యవహరించుచున్నారు."

"నేనా మాట అన్లేదండి," అంది వెంకాయమ్మ.

"అనకపోయినా ఉద్దేశించావు," అన్నారాయన, టీ అందుకుంటూ.

అలా ఆవిడ ఎన్నడూ వాడని మాటకి ఆవిడ సాక్షి అయింది.

తరువాత సంస్థవాళ్ళు మేడ మీద కూర్చుని అన్ని మట్టాల్నీ కలిపారు. కాలవది పైకి, బోరుది కిందికి, మేస్త్రీది అటూ ఇటూ కాకుండా, బ్యాటరీది గోరంత, ఎసరుది కణుపంత. అన్నింటినీ కూడి, తీసేసి, భాగిస్తే సగటు మోకాలి లోతు వచ్చింది. ఎవరి మోకాలు అన్నదాని మీద పెద్ద తర్జనభర్జన జరిగింది. ఉపసంచాలకులు పొట్టివారు, తన మోకాలు సామాన్యులకి దగ్గరగా ఉంటుందన్నారు. సంచాలకులు చిన్నబుచ్చుకున్నారు. చివరికి దర్జీని పిలిపించి సంచాలకుల మోకాలే కొలిపించారు. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డారట. మోకాలికీ ఊపిరికీ సంబంధమేమిటని దర్జీ అడగలేదు. కొలత తీసుకుని, మర్యాదగా వెళ్ళిపోయాడు.

ఆ కొలతకి కర్రలు చేయించారు. ఒళ్ళంతా తెలుపు, పై కొసన ఎరుపు. దాని పేరు ప్రమాణదండం. నీటిమట్టం ఉన్న ప్రతి చోటా కర్ర నిలబెట్టాలి, నీళ్ళు ఎర్రరంగుకి తగలాలి, అంతకంటే ఎక్కువా ఉండకూడదు, తక్కువా ఉండకూడదు.

ఇంక చూడండి లాకులపేట అందం. ముత్యాలు లాకు తలుపులు దించేసి కాలవని మోకాలి లోతుకి తెచ్చాడు. దిగువ రైతులు వచ్చి తిట్టిపోస్తే, "నన్ను తిడితే ఏటొస్తదండి. ఆ కర్రని తిట్టండి," అని కర్ర చూపించాడు. తాతబ్బాయి పునాది గుంటల్లో మోకాలి లోతు నీళ్ళు నింపి, ఆ నీళ్ళలో నిలబడి రాయి పేర్చాడు. గోడ వినయంగా వీధి వైపు వంగింది. జిలానీ బట్టలుతికే తొట్టి ఒకటి కొని బ్యాటరీలన్నీ అందులో ముంచాడు. బ్యాటరీలు చచ్చిపోయాయి గాని షాపు ముందు 'ప్రమాణ ధ్రువీకృతం' అని బోర్డు వచ్చింది. ఎవరైనా నవ్వితే, "బోర్డుంది కదన్నా, ఇంకేం కావాలి," అనేవాడు.

భాస్కరం ఊళ్ళోనే మకాం పెట్టాడు. రోజూ అన్ని కర్రలూ చూసేవాడు. తన భోజనం సంస్థ వాళ్ళ మెస్సు నుంచి క్యారేజీలో వచ్చేది.

హాస్టల్‌కి కర్రతోపాటు గిన్నె కూడా వచ్చింది. ఉన్న గుండిగలో కర్ర నిలబడదు కాబట్టి, నిలువెత్తు డ్రమ్ము ఒకటి లారీలో దింపారు. వెంకాయమ్మ బల్ల ఎక్కితే గాని అందులోకి తొంగి చూడలేదు. మొదటి రోజు భాస్కరం దగ్గరుండి బియ్యం పోయించి, బియ్యం మీద కర్ర నిలబెట్టి, ఎర్రరంగుకి తగిలేదాకా నీళ్ళు పోయించాడు.

"ఇదేటి బాబూ, అన్నమా, చెరువా?" అంది వెంకాయమ్మ.

"ప్రమాణం అండి."

"పిల్లలు తినాలి కదా బాబూ."

"పిల్లలు కూడా ప్రమాణంలోకే వస్తారండి," అన్నాడు భాస్కరం. మంచిగానే అన్నాడు.

ఆ రాత్రి పిల్లలు పళ్ళేలు పక్కన పెట్టి గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. సువార్త గ్లాసు ఎత్తి దీపం వైపు పెట్టి చూసి, "అవ్వా, నా దాంట్లో ఒక మెతుకుంది. దాన్ని ఈదనియ్యనా, మింగెయ్యనా?" అంది. పిల్లలు నవ్వారు. ఆకలితో నవ్వే నవ్వు ఎలా ఉంటుందో తెలిసిన మనిషి వెంకాయమ్మ. గరిటె కింద పెట్టేసింది.

మర్నాడు ఆవిడ కర్ర నిలబెట్టింది, నీళ్ళు ఎర్రరంగు దాకా పోసింది, భాస్కరానికి చూపించింది. అతను వెళ్ళగానే మంట పెంచింది. మెతుకు పదును పడ్డాక డ్రమ్ము మూతికి సిబ్బి అడ్డం పెట్టి, నలుగురు పెద్దపిల్లల్ని సాయం పిలిచి వంచి, గంజి అంతా వార్చేసింది. అన్నం మల్లెమొగ్గల్లా నిలబడింది. గంజి వాడకట్టులో గేదెలున్నవాళ్ళందరికీ పోసింది. పిల్లలు తిన్నారు, గేదెలు తాగాయి, కర్ర తెల్లగా గోడకి ఆనుకుని ఉంది. అలా కొన్నాళ్ళు ఎవరికీ బాధ లేకుండా గడిచింది.

చెడగొట్టింది గేదెలే. లాకులపేట గేదెలు ఉన్నట్టుండి అంత నున్నగా ఎందుకు తయారయ్యాయని భాస్కరం ఆరా తీశాడు. ఒకరోజు చెప్పకుండా వంటింట్లోకి వచ్చేసరికి వెంకాయమ్మ గంజి వారుస్తోంది.

"ఏం చేస్తున్నారండి?"

"గంజి వారుస్తున్నా బాబూ. మీ అమ్మగారు వార్చరా?"

అతను డ్రమ్ములో కర్ర పెట్టి చూశాడు. కర్ర మొదలు కూడా తడవలేదు. "ఇది ప్రమాణ భంగమండి. నీటిమట్టం శూన్యమండి," అన్నాడు, ఎవరో పోయినట్టుగా.

"నీళ్ళు పోసినప్పుడు చూశారు కదా బాబూ. ఉన్నాయి కదా."

"పోసినప్పుడు ఉన్నాయి. ఇప్పుడేవి?"

వారం తిరిగేసరికి కొత్త ఉత్తర్వు దిగింది. ఉడకకముందేగాక ఉడికిన పిమ్మట సైతం నీటిమట్టము ప్రమాణమునకు తగ్గరాదనీ, తగ్గినచో తగ్గినంత మేర నీరు పోయవలెననీ, వార్పు అనునది నీటిమట్టముపై ఉద్దేశపూర్వకమైన దాడి అనీ అందులో ఉంది. వెంకాయమ్మని సంజాయిషీ అడిగారు. సిబ్బిని స్వాధీనం చేసుకున్నారు. వార్డెన్ హేమసుందరి గారు భయస్తురాలు. ఇద్దరు పిల్లల తల్లి. వెంకాయమ్మ చేతులు పట్టుకుని, "నీకు దండం పెడతాను వెంకాయమ్మా, ఇంకేం చెయ్యకు. నిన్ను తీసేస్తే ఎవర్ని వేస్తారో తెలీదు. ఆ వచ్చేది పిల్లల మొహమైనా చూడదు," అంది. ఆ మాటకే వెంకాయమ్మ లొంగింది.

మళ్ళీ గ్లాసులు వచ్చాయి. పిల్లలు బళ్ళో బల్లల మీద తలలు పెట్టి నిద్రపోతున్నారని మాస్టార్లు కబురంపారు. సంస్థ దానికీ సమాధానం చెప్పింది. ప్రమాణాహారము మనశ్శాంతిని కలుగజేయుచున్నదని నివేదిక రాసుకుంది. ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. ఒకనాటి సాయంత్రం మరియమ్మ కూడా వచ్చింది. చేతిలో ఖాళీ సంచి. కూతురి బట్టలకి.

సువార్త వెంకాయమ్మ వెనక్కి చేరి చీర కొంగు పట్టుకుంది.

"దాన్ని రమ్మనండి అవ్వా," అంది మరియమ్మ. "మెడ చూడండి, కొంగ మెడలాగైపోయింది. చదువుకేం, బతికుంటే చదువుకోవచ్చు."

"ఒక్క పూట ఆగు తల్లీ. రేపు మాపటేల దాకా."

"రేపేటవుద్దండి?"

"రేపు ఆ కర్రల పెద్దాయనొస్తున్నాడు. నా నోటితో నేనడుగుతాను."

"పెద్దోళ్ళు అడిగితే పెడతారా అవ్వా," అంది మరియమ్మ. అయినా సంచి మడిచి చంకలో పెట్టుకుని, అరుగు మీద కూర్చుంది. "రేపు మాపటేల దాకానే," అంది.

నిజంగానే మర్నాడు పెద్ద హడావిడి. నీటిమట్టం ఏకీకరణ విజయోత్సవ సభ అదే భోజనాల హాల్లో పెట్టారు. గోడల నిండా ఫ్లెక్సీలు. శేషశయనం గారి ఫోటో నిలువెత్తున వేసి, మోకాలి దగ్గర బాణం గుర్తు పెట్టారు. పేపరువాళ్ళు వచ్చారు, టీవీవాళ్ళు వచ్చారు. ముత్యాలు, తాతబ్బాయి, జిలానీలకి శాలువాలు కప్పారు. తాతబ్బాయి శాలువా కప్పించుకుంటూ, "గోడ పడిపోయింది సార్," అన్నాడు. సంచాలకులు, "మట్టంగానే పడిందా?" అని అడిగి, సమాధానం వినకుండా భుజం తట్టారు.

సభ చివర ప్రమాణ విందు. అతిథులందరికీ వెండిరంగు గ్లాసుల్లో వెంకాయమ్మ డ్రమ్ములోంచి ముంచి ఇచ్చింది. కెమెరాలు చుట్టూ మూగాయి. అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంచాలకులు ఒక గుక్క తాగారు. కంఠంలో కాసేపు ఏదో వాదన జరిగి, చివరికి గుక్క దిగింది.

"అమోఘం," అన్నారు. "కొందరు దీన్ని జావ అని వదంతులు పుట్టిస్తున్నారు. నేను ఈ వేదిక మీదినుండి విస్పష్టం చేస్తున్నాను. ప్రమాణబద్ధమైన నీటిమట్టంతో వండబడినది ఏదైతే ఉన్నదో అదే అన్నం. నేటినుండి అన్నం అను పదమునకు అదొక్కటే అర్థం." చప్పట్లు కొట్టారు. గ్లాసులు కింద పెట్టడానికి అదే అదనని అందరూ రెండు చేతులతోనూ కొట్టారు.

వెంకాయమ్మ చేతులు తుడుచుకుని మైకు దగ్గరికి వచ్చింది. వార్డెనమ్మ గుండె పట్టుకుంది.

"అయ్యగారూ, తెలీక అడుగుతున్నానండి. ఇది అన్నం అన్నారు. ఆయ్. మరి ఇదివరకు మేం వండేవాళ్ళమండి, మెతుకు మెతుకు విడివిడిగా, పళ్ళెంలో కుప్పగా నిలబడేది. దాన్నేటనాలండి?"

"దానికి ప్రమాణం లేదు. ప్రమాణం లేనిదానికి పదం ఉండదు."

"పేరే లేదంటారు."

"లేదు."

"పేరు లేని దాన్ని మీ కర్ర పెట్టి కొలుస్తారాండి?"

సంచాలకులు నవ్వారు. కెమెరాలు దగ్గరికి జరిగాయి. మూఢులకి బోధించే అవకాశం ఆయన ఎన్నడూ వదులుకోలేదు. "అమ్మా, మాది పదప్రమాణ సంస్థ. పదం ఉంటేనే మేముంటాం. పదం లేని వస్తువు మా దృష్టిలో లేదు. లేనిదాన్ని కొలవడం, నిషేధించడం, విచారించడం శాస్త్రవిరుద్ధం." టీవీ అమ్మాయి సరిగా వినపడలేదంటే మళ్ళీ ఒకసారి, ఇంకాస్త గట్టిగా చెప్పారు.

"చల్లగా ఉండండి బాబూ," అంది వెంకాయమ్మ. నేరుగా వంటింట్లోకి పోయింది.

కార్లు బయలుదేరి దుమ్ము సద్దుకోకముందే పాత గుండిగ పొయ్యి మీదికెక్కింది. డ్రమ్ములోనూ గుప్పెడు బియ్యం వేసి, కర్ర నిలబెట్టి, ఎర్రరంగు దాకా నీళ్ళు పోసి పెట్టింది. నీళ్ళకి ప్రమాణం పెట్టారు గాని బియ్యానికి ఎవరూ పెట్టలేదు. మిగతా బియ్యమంతా గుండిగలోకి పోయింది. ఎసట్లో వేలు ముంచి చూసుకుని మంట సర్దింది. మామిడికాయ పప్పు తాలింపు వాసన అరుగు దాకా వెళ్ళింది.

పిల్లలు వరసగా కూర్చున్నారు. చాలా రోజులకి పళ్ళేలు చప్పుడు చేశాయి. మరియమ్మ గుమ్మంలోనే నిలబడి కూతురు ఎన్నిసార్లు పెట్టించుకుంటుందో చూసింది. సువార్త మూడోసారి పళ్ళెం చాపినప్పుడు, ఏమీ అనకుండా చంకలోంచి ఖాళీ సంచి తీసి దులిపి, మళ్ళీ మడిచి బొడ్లో దోపుకుంది. "ఆఖరి బస్సుందండి," అని వెళ్ళిపోయింది.

ఫ్లెక్సీలు చుట్టడానికి వెనక ఉండిపోయిన భాస్కరం అప్పుడే లోపలికి వచ్చాడు. వరసలు చూశాడు. పళ్ళేల్లో కుప్పలు చూశాడు. చంకలో కర్ర కొద్దిగా కదిలింది.

"ఏమిటండి ఇది?"

"పేరు లేదు బాబూ."

"అన్నం కాదా?"

"అన్నం అదిగో, ఆ డ్రమ్ములో ఉంది. కొలుచుకోండి."

అతను డ్రమ్ములో కర్ర పెట్టాడు. నీళ్ళు ఎర్రరంగుకి సరిగ్గా తగులుతున్నాయి. గుండిగ వైపు ఒక అడుగు వేశాడు. సంచాలకుల మాట గుర్తొచ్చి ఆగిపోయాడు. లేనిదాని ముందు ఎంతసేపు నిలబడాలో అతనికి ఎవరూ నేర్పలేదు. గుండిగలోంచి ఆవిరి లేచి అతని కళ్ళద్దాలకి పట్టింది. అతని మెస్సులో కూడా ప్రమాణమే అమలవుతోంది. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులై చాలా రోజులైంది.

"కూర్చోండి సార్," అంది సువార్త, పక్కకి జరిగి. పిల్లలు మూతికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"నేను డ్యూటీలో ఉన్నానమ్మా," అన్నాడు. అని, కర్ర గోడకి ఆనించి, వరస చివర బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. పళ్ళెం వచ్చింది. వెంకాయమ్మ గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఏం వడ్డించమంటారు బాబూ?"

భాస్కరం నోరు తెరిచాడు. మాట లేదు. గుండిగ వైపు చూశాడు, పళ్ళెం వైపు చూశాడు. "ఆకలేస్తోందండి," అన్నాడు చిన్నగా.

"ఆకలికి మీ వాళ్ళు ప్రమాణం పెట్టారా బాబూ?"

"ఇంకా లేదండి. వచ్చే నెల్లో సమావేశం ఉంది."

"అయితే మరి తొందరగా తినెయ్యండి," అంది వెంకాయమ్మ, పళ్ళెంలో నిండుగా పెడుతూ.